ఆప్షన్ ఎ మీద మా నాన్న దండయాత్ర

చదువు చెప్పే చోట చీరల అంగడి తెరిపించి, ఇంటిల్లిపాది పరువునూ క్లియరెన్సు సేలులో వదిలించిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఇప్పుడు నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మాది బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్టు. లా ఎంట్రన్సు రాస్తానంటే నాన్న షరతు పెట్టాడు. "కోచింగులో ఆఖరి మాక్ టెస్టు గట్టెక్కావా, లా. లేదా, సందు చివర కాలేజీలో బీకామ్, సాయంత్రం కొట్లో కూర్చోవడం. సరేనా అమ్మడూ?"

సరేనన్నాను. అప్పట్లో నాకు నా తెలివి మీద అంత నమ్మకం.

టెస్టులో పాసేజి చూడగానే నాకు పూనకం వచ్చినంత పనైంది. చేనేత మీద! పరీక్షే మా ఇంటికి కాఫీకి వచ్చినట్టుంది. ఇక చదవడమెందుకండీ? మన వీధికి మనం దారి అడుగుతామా? పైపైన చూసి ప్రశ్నల్లోకి దూకాను.

చేనేత అమ్మకాలు తగ్గడానికి రచయిత చెప్పిన కారణం ఏమిటి? ఆప్షన్ ఎ: కొనేవాళ్లకు చేనేతకూ మిల్లు బట్టకూ తేడా తెలియకపోవడం. నాకు నవ్వొచ్చింది. మా కొట్టు పిల్లి కూడా ఏరుకుని మరీ చేనేత మీదే పడుకుంటుంది! ఆప్షన్ బి: ధర ఎక్కువ కావడం. అదీ మాట! నాన్న రోజూ అన్నం ముందు చదివే ప్రార్థన అదే కదా: "రేటు చెప్పగానే లేచిపోతున్నారే!" బి పెట్టాను. మిగతా ప్రశ్నలకు కూడా మా ఇంట్లో విన్న జవాబులే కొసరి కొసరి వడ్డించాను.

ఆ పాసేజిలో ఒక్క మార్కూ రాలేదు. దాంతో టెస్టూ పోయింది. లా చదువుదామనుకుంటే ఇలా అయింది.

కోచింగు సారు దగ్గరికి వెళ్లాను. "కీ తప్పండీ సార్."

ఆయన మెత్తని మనిషి. "రచయిత ఏమన్నాడో అడిగారమ్మా. మీ నాన్నగారు ఏమంటారో అడగలేదు."

"ఆ రచయితకి ఏం తెలీదండీ!"

"తెలీకపోవచ్చు. పరీక్ష రాసేది ఆయన కాదుగా."

ఇంటికొచ్చి మొరపెట్టుకున్నాను. టెస్టు పోయినందుకు నాన్న ఏమీ అనలేదు. తేడా తెలియదన్నందుకు మాత్రం భగ్గుమన్నాడు. "ఎవడాడు? మన బట్టనే అంత మాటంటాడా? పద!"

మర్నాడు ఒక నేత చీర, అచ్చం దానిలాంటి మిల్లు చీర చంకన పెట్టుకుని ఆటో ఎక్కాడు. నేరుగా క్లాసులోకి వెళ్లి, సారు బల్ల మీద రెండూ పరిచాడు.

"నాన్నా, క్లాసు జరుగుతోంది..."

"నువ్వుండమ్మడూ. సార్, కళ్లు మూసుకుని తడిమి చూడండి. ఏది చేనేతో మీరే చెప్పేస్తారు. తేడా తెలిసిందంటే ఆప్షన్ ఎ తప్పు. మా పిల్లకి మార్కు వేసెయ్యండి."

సారు కళ్లు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా రెండూ తడిమారు. "ఇదండీ చేనేత."

మిల్లు చీర.

నాన్న ముఖం మొదటి ఉతుకుకే రంగు దిగిపోయింది. "మీకు అలవాటు లేదు లెండి సార్. ఇదిగో అమ్మాయ్, నువ్వు రా!"

ముందు బెంచీ అమ్మాయి మిల్లు చీరే పట్టుకుంది. వెనక బెంచీవాళ్లూ అంతే. ఒకమ్మాయి దాన్ని వదలకుండా, "ఇదెంత మెత్తగా ఉందో అంకుల్! ఎంతకిస్తారు?" అంది.

సారు నవ్వాపుకుంటూ అడిగారు. "ఇప్పుడు చెప్పండి సార్. చేనేత అమ్మకాలు ఎందుకు తగ్గుతున్నాయంటారు?"

నాన్న చీరలు మడతపెడుతూ గొణిగాడు.

"ఆప్షన్ ఎ."

క్లాసంతా చప్పట్లు. నేను బెంచీ కింద లేని పెన్ను వెతుక్కుంటూ ఉండిపోయాను.

తిరుగు ఆటోలో నాన్న చీరలు ఒళ్లో పెట్టుకుని తేల్చేశాడు. "ఆ రాసినవాడు మన కొట్టుకు వచ్చే ఉంటాడే. ఆ టైముకి నేను భోజనానికి వెళ్లుంటాను." ఆ వెంటనే, "మరి బీకామేనా?" అన్నాడు.

"టెస్టు పోయింది నా ఒక్కదానిదేనా నాన్నా? నీదీ పోయిందిగా!"

ఆటోవాడు అద్దంలోంచి చూసేంత గట్టిగా నవ్వాడు నాన్న. "సరే, రాయి. ఈసారి మాత్రం వాడన్నదే పెట్టు. మనం అనేది కొట్లో అనుకుందాం."

అసలు పరీక్షలో కొయ్యబొమ్మల మీద పాసేజి వచ్చింది. వాటితో పిల్లలు ఆడరనీ, అలమారలో పెట్టుకునే పెద్దల వల్లే ఆ పని బతుకుతోందనీ రచయిత వాదన. కొండపల్లి ఏనుగు చెవి కొరికి పళ్లు తెచ్చుకున్నదాన్ని నేను! "పిల్లలు ఇష్టంగా ఆడుకుంటారు" అంటూ ఆప్షన్ డి చుట్టంలా పలకరించింది. పాసేజిలో ప్రతి వరుసా వెతికాను. ఆ మాట ఎక్కడా లేదు. నా బాల్యాన్ని గుమ్మం బయట నిలబెట్టి, రచయిత అన్నదానికే టిక్కు పెట్టాను.

సీటొచ్చింది! నాన్న వీధి వీధంతా మిఠాయి పంచి, "మా అమ్మాయి సొంత బుర్ర వాడకుండా పాసైంది" అని చాటాడు. నన్ను అంతకంటే గొప్పగా ఎవరూ పొగడలేదు.

కనుక నల్లకోటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పాసేజిలో లేనిది జవాబులో ఎన్నడూ కలపను. మే నెలలో బెజవాడలో మంచు కురుస్తుందని రచయిత అంటే, శాలువా కప్పుకుని మరీ టిక్కు పెడతాను. ఆ శాలువా మా కొట్టుదే, అసలైన చేనేత. కావాలంటే తడిమి చూసుకోండి.

అయినా మీకు తేడా తెలియదనుకోండి.