ఆకుకు టచింగ్

ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియో ఆయన ఉండేవాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి ఫోటో తీసినా నెగటివ్‌ను వెలుతురుకు పెట్టి, సన్న కత్తితో, పెన్సిలుతో మొటిమలూ మచ్చలూ పోగొట్టేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు. దాన్ని టచింగ్ అనేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను అక్కడి కాలేజీలో బాటనీ చెప్పేవాణ్ని. రాజుపాలెం దగ్గరి చెరువులో, నీళ్ల మీద తేలే మన నాటు ఫెర్న్ మొక్క పక్కనే, ఎవరో అందానికి తొట్టిలో పెంచి పారబోసిన విదేశీ ఫెర్న్ కనిపించింది. వదిలేస్తే చెరువంతా కమ్మేసే రకం. చూపుకు రెండూ ఒకటే. తేడా అంతా ఆకు మీది నూగులోనే. నాటుదాని వెంట్రుకల కొసలు విడివిడిగా, కొత్తదానివి కలిసిపోయి ఉంటాయి. ఫోటోల్లో ఆ తేడా చూపిస్తే కొత్తదాన్ని పీకిస్తానన్నాడు చెరువుల ఇంజనీరు. ఈ స్టూడియో ఆయన చేత రెండు ఆకులనూ దగ్గరగా తీయించాను.

ఇంజనీరు ఫోటోలు చూసి "రెండూ ఒకటే కదా" అని వెనక్కి ఇచ్చేశాడు. ఆకులు రెండూ పెళ్లికూతురి చెంపల్లా నున్నగా ఉన్నాయి.

స్టూడియోకు పోయి అరిచాను. ఆయన తొణకలేదు.

"ఆ బూజంతా అట్నే ఉంటే ఏం బాగుంటాది సార్? శానా కష్టపడి గీకినా."

మళ్లీ తీయిద్దామనేలోపు వానలు పట్టుకున్నాయి. వానాకాలం పోగానే ఆయన్ను చెరువుకు లాక్కుపోయాను. నీళ్లే కనిపించలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఆ విదేశీ ఆకే. ఆయన కెమెరాలోంచి చాలాసేపు చూశాడు.

"ఎంత నున్నగా పరుచుకోనుండాదో సార్. దీనికి టచింగే అక్కర్లేదు."