గరిటెను గొడుగనే మా వదిన

మా వదిన, అంటే మా ఆయనకు అక్క, ఏ వస్తువునూ దాని పేరుతో పిలవదు. గరిటె ఆవిడకు గొడుగు. చెప్పు టోపీ. పిల్లి ఏనుగు, ఏనుగు చీమ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి "కాస్త ఆ గొడుగు అందుకో" అంటే, వంటింట్లో వాన కురుస్తోందేమోనని పైకి చూశాను. "అది కాదే, కూర కలిపే గొడుగు" అంది విసుగ్గా, తప్పంతా నాదే అయినట్టు.

ఇలాంటి మనిషికి, పిల్లలకు మాటలు నేర్పే ఉద్యోగం ఇచ్చారు. ఆవిడ మా వీధి శిశుకేంద్రంలో టీచరు. నేను అక్కడే వంటమనిషిని. రేకుల కప్పు కింద ఒకటే గది. సగం బడి, సగం పొయ్యి, మధ్యలో గోడకు బదులు బియ్యం డబ్బా. చాప మీద మూడేళ్ళవాళ్ళూ నాలుగేళ్ళవాళ్ళూ కూర్చుని ఉంటే, వదిన తువ్వాలు ఎత్తి చూపించి "ఇది రైలు" అనేది. "కాదు, తువ్వాలు" అని పిల్లలు కప్పు లేచిపోయేలా అరిచేవారు. "అలాగా, నిన్నటిదాకా రైలే కదా" అని ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకునేది. వాళ్ళు పడీపడీ నవ్వేవారు. ఈవిడకు జీతమిస్తున్న పుణ్యాత్ములెవరా అని నేనూ నవ్వేదాన్ని.

ఇలా ఉండగా సూపర్‌వైజరమ్మ ఒక ఫోను తెచ్చింది.

"ఇందులో కృత్రిమ మేధ ఉందండి. పిల్లల మాటలు వింటుంది. ఎవరితో ఏ ఆట ఆడించాలో, ఎవరు ఎందులో వెనకబడ్డారో సాయంత్రానికి చెప్తుంది. జాగ్రత్తగా వాడుకోండి."

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్త్రీపెట్టె బాగుంది" అంది. రేకుల కింద ఆ ఫోను నిజంగానే కాలిపోతూ ఉండేది కాబట్టి ఈ ఒక్క పేరుకూ నేను అడ్డు చెప్పలేదు.

ఇస్త్రీపెట్టె పనిమంతురాలే. బొమ్మలు కొనే స్తోమత లేని మా గదిలో, సీసా మూతలతో రంగుల ఆటా, నీళ్ళ మగ్గులతో లెక్కల ఆటా అదే నేర్పింది. దాని భాష మాత్రం శుభలేఖల భాష. మొదటి సాయంత్రమే గంభీరంగా ఇలా అంది: "ఉపాధ్యాయురాలి పదసంపద ఆందోళనకరముగా ఉన్నది. నేడు తువ్వాలును రైలు అని పేర్కొనిరి." అని ఊరుకోకుండా పాఠం కూడా మొదలుపెట్టింది. "తెరపై ఉన్నది మార్జాలము. తమరు పలుకుడు."

"ఏనుగు" అంది వదిన.

"మరల ప్రయత్నించుడు."

"పెద్ద ఏనుగు."

నేను పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాను. "వదినా, ఇదంతా పైవాళ్ళకు వెళ్తుందట. మీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే మళ్ళీ తగిలించుకుందాంలే. ముందు ఆ గొడుగు కడుగు."

పిల్లల్లో ఒక పాప మాత్రం అరిచేది కాదు, నవ్వేది కాదు. కిటికీ పక్కన పెదాలు కుట్టేసినట్టు కూర్చునేది. వాళ్ళమ్మ దర్జీ దుకాణంలో పనిచేస్తుంది కాబట్టి రెండు విధాలా కలిసొస్తుందని దాన్ని కుట్టుపాప అనేదాన్ని. చెవుల డాక్టరు చూసి వినికిడి బాగానే ఉందన్నాడు. ఇస్త్రీపెట్టె మాత్రం దాని పేరు పక్కన ఎర్రచుక్క పెట్టింది. శుక్రవారం పరీక్షలో ఒక్క మాటైనా వినపడకపోతే, ఊరవతల ఉన్న ప్రత్యేక కేంద్రానికి పంపాలని సూపర్‌వైజరమ్మ చెప్పింది.

పాప వాళ్ళమ్మ, ఆ దర్జీ అమ్మాయి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "బస్సులు మారి అంతదూరం తీసుకెళ్ళి తీసుకొస్తే నన్ను పనిలో ఎవరుంచుకుంటారండి? ఇంట్లో కొంచెం మాట్లాడేది. మాట ముద్దుగా ఉందని అందరూ నవ్వుతుంటే అదీ మానేసింది."

మర్నాటి నుంచి వదిన మరీ రెచ్చిపోయింది. కుర్చీని దోమ అంది. సూపర్‌వైజరమ్మను మొహం మీదే "రండి పోస్టుమాన్ గారూ" అంది.

శుక్రవారం వచ్చింది. పాప ముందు ఫోను పెట్టారు. తెర మీద కాకి బొమ్మ. "చిన్నారీ, ఈ విహంగము పేరు తెలుపుము" అంది ఇస్త్రీపెట్టె. విహంగమంటే ఏమిటో నాకే తెలియదు. పాప పెదాలు ఇంకా బిగించింది. గుమ్మంలో దర్జీ అమ్మాయి పైటకొంగు నలుపుతోంది.

వదిన పాప భుజం మీదుగా తొంగిచూసింది. "ఇదా? ఇది బస్సు. నేను రోజూ ఇందులోనే వస్తాను."

పిల్లలందరూ గొల్లున నవ్వారు, వదినను చూసి. ఎవరో జవాబు అరవబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఆవిడ అలా ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వుల మధ్య పాప ఆవిడవైపు జాలిగా చూసి, మెల్లగా అంది.

"తాతి."

ఆ మాటకు ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళింకా బస్సు దగ్గరే ఉన్నారు.

"క్షమించవలెను. ఇది తాత కాదు" అంది ఇస్త్రీపెట్టె.

పాపకు కోపం వచ్చింది. ఫోనుకు మొహం ఆనించి, "తాత తాదు. తాతి. తావ్ తావ్ అంటుంది. బస్సు తాదు" అని ఏకబిగిన కడిగేసింది.

ఫోను కాసేపు ఆలోచించింది. "శిశువు వాక్యములు పలుకుచున్నది. ఈ వయసున క బదులు త పలుకుట సహజము. నవ్వరాదు. పెద్దలు సరిగా పలికి వినిపించిన చాలును." ఎర్రచుక్క పోయింది. దర్జీ అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ పాపను ఎత్తుకుంది. "పర్లేదు, ఇస్త్రీపెట్టెకు బుద్ధి ఉంది" అంది వదిన.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన వాగుడుకాయ. మధ్యలో ఊపిరి కూడా ఆయన తరఫున నేనే తీసుకోవాలి. అలాంటిది, తాతి అనగానే చప్పున ఆగిపోయాడు.

"చిన్నప్పుడు నేనూ కాకిని తాతి అనేవాణ్ణి. చుట్టాలొస్తే నాచేత అనిపించి మరీ నవ్వేవాళ్ళు. నేను మాట్లాడటం మానేశాను. అప్పుడు అక్క గరిటెను గొడుగనడం మొదలుపెట్టింది. ఇంక నన్ను చూసి ఎవరు నవ్వుతారు? అందరూ దాన్ని చూసే నవ్వారు. నాకు క వచ్చింది. అక్కకు అలవాటు పోలేదు."

ఇన్నేళ్ళూ ఈవిణ్ణి చూసి నేను నవ్విన నవ్వంతా ఆవిడ పిలిచి మరీ నెత్తినేసుకున్నదన్నమాట. మర్నాడు వంట చేస్తూ అడిగేశాను. "వదినా, మీకు అన్ని పేర్లూ తెలుసు కదూ?"

"తెలియకేం, తమ్ముడూ" అంది నన్ను.

మధ్యాహ్నం వడ్డిస్తూ కుట్టుపాప పళ్ళెం దగ్గర ఆగాను. గరిటె పైకెత్తి, వదినలాగే బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఈ గొడుగుతో ఇంకాస్త పెట్టనా?" అన్నాను.

పాప నన్ను చూసింది, వదినను చూసింది. మా ఇంట్లో ఎవరికీ తెలివి లేదన్నట్టు నిట్టూర్చింది.

"దొడుదు తాదు. దరిటె."