చెవి వెనక ఎర్రచుక్క

మా ఊళ్లో ఎవరైనా "అంత చెడ్డగా లేదు" అన్నారంటే పొంగిపోవాలి. డెన్మార్క్ పడమటి ఒడ్డున పుట్టినవాడి నోట అంతకు మించిన మెప్పు రాదు. "ఫరవాలేదు" అన్నారంటే మాత్రం దానికి అర్థం వెతకడం దండగ. కాలు విరిగినవాడూ అదే అంటాడు.

ఇలాంటి జనానికి తూరా మలగార్డ్ ముప్పై ఏళ్లు కళ్లు పరీక్షించి జోళ్లు రాసిచ్చింది. రేవుకు ఎదురుగా ఆమె దుకాణం. వెనక చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది నయమా, అది నయమా?" అని అడగడం ఆమె పని. ఆమె రాసిన చీటీ ప్రకారం అద్దాలు కోసి బిగించడం నా పని. మనిషి పొడుగు, మాట పెళుసు. చెయ్యి మాత్రం వెన్న.

ఒక వసంతంలో ఆర్హుస్ నగరం నుంచి సిడ్సెల్ అనే అమ్మాయి ఒక యంత్రం పట్టుకుని దిగింది. గడ్డం ఆనించి కూర్చుంటే చాలు, అది కంట్లోకి వెలుగు పంపి, తిరిగొచ్చిన వెలుగు ఎంత వంకరపోయిందో చూసి అద్దం ఇదీ అని తేల్చేస్తుంది. మనిషిని ఏమీ అడగదు. అది తూరా చేతికి సాటి వస్తుందో లేదో తేల్చుకోవడానికే సిడ్సెల్ వచ్చింది.

తూరాకు ఒళ్లు మండింది. రేవు దగ్గర కాఫీ తాగుతూ అందరిముందూ అనేసింది: "ఆ డబ్బా నాకంటే నయమని జనమే చెబితే, దుకాణం అమ్మేసి ఇంట్లో కూర్చుంటా!" మా దగ్గర కాఫీ ముందు అన్న మాటంటే రాతిమీద గీత. ఆ దుకాణం తప్ప ఆవిడకు వేరే లోకం లేదు.

ఊళ్లో నలభై మంది ముందుకొచ్చారు. ఒక్కొక్కరికీ ఒకే రకం ఫ్రేముతో రెండు జోళ్లు: ఒకటి తూరా కొలత ప్రకారం, ఒకటి యంత్రం కొలత ప్రకారం. ఏది ఎవరిదో వాళ్లకు చెప్పకూడదు. గుర్తు కోసం చెవి వెనక వచ్చే కొసమీద నా గోళ్లరంగుతో చుక్కలు పెట్టాను. తూరాది నీలం, యంత్రానిది ఎరుపు. కొన్నాళ్లు ఒకటి, కొన్నాళ్లు ఇంకొకటి పెట్టుకుని, ఏది నయమో కాగితం మీద రాసివ్వాలి. రెండు జోళ్లూ వాళ్లకే.

అందరికీ అవే రంగులు వాడితే గుట్టు దాగదన్న సంగతి సిడ్సెల్‌కూ తట్టలేదు, మాకూ తట్టలేదు. ఒకప్పుడు హెర్రింగ్ చేపల పడవ నడిపిన లారిట్స్, తూరా రాసిచ్చిన తన పాత జోడునూ నీలంచుక్క జోడునూ మార్చి మార్చి పెట్టుకుని చూశాడు. రెంటిలో చూపు ఒకటే. "నీలం తూరాదిరోయ్!" అన్నాడట. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది, మా దుకాణానికి తప్ప.

కాగితాలు తిరిగొచ్చాయి. ఇద్దరు తప్ప అందరూ నీలమే రాశారు. సిడ్సెల్ మొహం పాలిపోయింది. తూరా కేకు కోసి అందరికీ పంచి, "మావాళ్ల కళ్లకు మనిషి చెయ్యి కావాలమ్మాయ్!" అంది. ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగింది.

సెప్టెంబరులో పంటల పండుగ ప్రార్థనకు వెళ్లి, మేమిద్దరం చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చున్నాం. పాడబోయే పాట నెంబర్లు చూడటానికి అందరూ గోడమీద పలక వైపు తలలెత్తారు. మా ముందు బెంచీలో చెవి వెనక ఎర్రచుక్క. దాని పక్కన ఎర్రచుక్క. ఆ ముందు వరుసలోనూ అదే రంగు. తూరా పాట మధ్యలో ఆపేసింది.

బయట కాఫీ పోస్తున్న చోట లారిట్స్‌ను పట్టుకుంది.

"చుక్క ఏ రంగు?"

"చెవి వెనకది నాకెలా కనబడుతుంది?"

"నాటకాలాడకు. కాగితం మీద నీలం అని రాశావా లేదా?"

"మరేం రాయమంటావ్? అమ్మేస్తానని నువ్వే అంటివి. నిన్ను సాగనంపడానికా మేం కళ్లు చూపించుకుంది?"

"నా జోడుతో పాట నెంబరు కనబడదా?"

లారిట్స్ కాఫీ కలిపాడు. అందులో పంచదార లేదు. "ముందు బెంచీలో కూర్చుంటే కనబడుతుంది," అన్నాడు.

"మరి ఇన్నేళ్లూ నా గదిలో కూర్చుని 'అది నయం, అది నయం' అన్నావేం?"

"రెండూ ఒకటేనంటే నువ్వు మళ్లీ మొదటికొస్తావ్. పాపం, అప్పటికే అలిసిపోయి ఉంటావ్. నీ గొంతు ఏ అద్దం దగ్గర ఆశగా పలికితే దానికే సరేననేవాణ్ణి. అందరం అంతే."

"అంటే ఇన్నాళ్లూ నేను కొలిచింది మీ కళ్లు కాదు, మీ మొహమాటం," అంది తూరా.

ఆ మధ్యాహ్నమే సిడ్సెల్‌కు ఫోన్ చేసి ఆ కాగితాలు చింపేయమంది. ఈసారి కొత్తగా చేసిన జోళ్లకు చుక్కలు సిడ్సెలే మనిషి మనిషికీ రంగులు మార్చి పెట్టి, ఏది ఎవరిదో నాకూ తూరాకూ కూడా తెలియకుండా పరీక్ష మళ్లీ జరిపింది. నలుగురైదుగురికి తూరా జోడే నయమైంది. మిగతావాళ్లకు యంత్రానిదే. ఊరు ఆవిడ మీద మండిపడింది. గెలిపిస్తే గెలుపు కాలదన్నుకున్న మనిషి ఎక్కడైనా ఉంటుందా అని బేకరీలో నన్ను నిలదీశారు. తూరా మాత్రం అన్నమాట ప్రకారం దుకాణం అమ్మింది.

ఆఖరి రోజున లారిట్స్ వచ్చాడు. గుమ్మం దగ్గర తడబడి గొడుగుల బుట్ట తన్నేశాడు. చెవి వెనక మొదటిసారి నేను పెట్టిన నీలంచుక్క.

"ఎర్రవి ఏవి?" అంది తూరా.

"జేబులో ఉన్నాయి."

"మరి ఇవెందుకయ్యా, పడి చావడానికా?"

"నీ దగ్గరికి ఎప్పుడూ ఇవే పెట్టుకొస్తాను కదా," అన్నాడు లారిట్స్.

ఆవిడ అతని ముక్కు మీంచి జోడు తీసి, అంగీ అంచుతో తుడిచింది. స్క్రూడ్రైవర్ ఇవ్వమని నావైపు చెయ్యి చాచింది. ఆ జోడుకు స్క్రూ ఏదీ వదులుగా లేదు. అయినా బిగించింది. ఏడుస్తూనే బిగించి, మళ్లీ అతనికి పెట్టింది.