ఊపిరి దగ్గర కోత

జయరాముడు టేపును ఎడమచేతి బొటనవేలి కింద అదిమిపట్టి బ్లేడును ఏటవాలుగా దించాడు. నిట్టనిలువుగా కోస్తే అతుకు దగ్గర టిక్కుమంటుంది. ఏటవాలుగా కోస్తే ఎంతటి చెవికీ అందదు. రెండు కొనలూ కలిపి, జిగురుపట్టీ అంటించి, గోటితో రుద్దాడు. రేడియో కేంద్రంలో అది అతని మొదటి అతుకు. పెద్ద ఎడిటరు బాలప్ప దాన్ని రెండుసార్లు తిప్పి విన్నాడు.

"ఎవురు నేర్పినారప్పా నీకు?"

"మాయమ్మ. ధర్మవరంలో మగ్గాల మీద పాత పడుగుకు కొత్త పోగులు అతికే పని మాది."

అది డెబ్బైమూడో సంవత్సరం. ఆ మాటతోనే బాలప్ప అతన్ని దగ్గరికి తీసుకున్నాడు. మైకు ఎలా పట్టాలో, గాలికి దేన్ని అడ్డం పెట్టాలో, ముసలివాళ్లను ఏమడిగితే నోరు విప్పుతారో అన్నీ చెప్పాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒక్కటి.

"మనిషిని తొందర పెట్టద్దు. ఒక మాట అయినాక ఊపిరి పీల్చుకోనీ. మన బ్లేడు ఆ ఊపిరి దగ్గరే పడాల."

జయరాముడికి అదే వేదం. రికార్డరు భుజానికి తగిలించుకుని, బస్సు దిగి, మైళ్లు నడిచి ఏడేళ్లపాటు పల్లెల మాటలు తెచ్చాడు. అతని టేపుల్లో ప్రతి మాట తర్వాతా ఊపిరి ఉండేది. అతన్ని మెచ్చుకోవాలంటే కేంద్రంలో అందరూ దాన్నే చెప్పేవారు.

ఎనభైలో వానలు మొగం చాటేశాయి. ముదిగుబ్బ అవతల ఒక పల్లెలో ప్రభుత్వం పశువులకు గడ్డి కేంద్రం పెట్టి, ఒకే ఒక లారీ గడ్డి పంపి ఊరుకుంది. ఆ ఊరి మారెక్కకు ఉన్నవి రెండు ఎద్దులు. అవి నిలబడితే సేద్యం, లేకుంటే లేదు. జయరాముడు ఆమె ముందు మైకు పెట్టాడు.

"మంచి మాట ముందు చెప్పక్కా. తర్వాత కష్టం చెప్పు. అట్లయితే ఆఫీసర్లు కోపం లేకుండా వింటారు."

"పెండ్లిచూపులకు పోయినట్లన్నమాట!" అని మారెక్క గట్టిగా నవ్వింది. తర్వాత గొంతు సవరించుకుంది. "గడ్డి లారీ వచ్చినాది. మా ఎద్దులు లేచి నిలబడినాయి. సర్కారు సల్లగుండాల."

జయరాముడు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"అది పోయిన నెల మాట. ఇప్పటికి ఇరవై దినాలాయ, గడ్డిపోచ రాలేదు. ఎద్దులు మళ్లా కూలబడినాయి. బిరీన ఇంకో లారీ పంపకుంటే సచ్చిపోతాయి."

టేపు బాలప్ప చేతికిస్తూ, "ఇది వచ్చేవారం పనికిరాదన్నా, ఈ వారమే పోవాల," అన్నాడు జయరాముడు. బాలప్ప అతని భుజం తట్టాడు.

ఆ వారమే ప్రసారమైంది. ధర్మవరంలో ఇంటి రేడియో ముందు కూర్చుని జయరాముడు విన్నాడు. ఎద్దులు లేచి నిలబడినాయి. సర్కారు సల్లగుండాల. ఆ వెంటనే మారెక్క నవ్వు. పెండ్లిచూపులన్నప్పుడు నవ్విన నవ్వును తెచ్చి చివర అతికారు. తర్వాత పాట.

అతుకు ఎక్కడుందో అతను చెవి రిక్కించి వెతికాడు. దొరకలేదు.

మర్నాడు బాలప్ప ముందు నిలబడ్డాడు. "ఏందన్నా ఇది?"

"పైనుంచి చెప్పినారప్పా, కరువు అనే మాట వద్దని. ఎవురి సంసారం వాళ్లకుండాది గదా." బాలప్ప గొంతు తగ్గించాడు. "అయినా కోత చూసినావా? ఆ నవ్వు ఎట్ల కూర్చుందో! నువ్వు ఊపిరికి సందు ఇడ్సబట్టే కుదిరింది."

జయరాముడు మళ్లీ ఆ పల్లెకు వెళ్లేసరికి ఒక ఎద్దు చచ్చింది, రెండోదాన్ని సంతలో అమ్మేశారు. గడ్డి ఆఫీసరు వచ్చి, 'మీ ఎద్దులు లేచినాయని రేడియోలో నువ్వే చెప్పినావు గదమ్మా,' అని లారీని ఇంకో ఊరికి మళ్లించాడట. పంచాయతీ రేడియో దగ్గరికి ఊరంతటినీ పిలుచుకుపోయింది మారెక్కే. ఇప్పుడు ఊరు ఆమెతో మాట్లాడటం లేదు.

"నా నోటితోనే నా ఎద్దును సంపిస్తివి గదయ్యా," అంది. మంచినీళ్లు ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

ఆ రోజు నుంచి జయరాముడు బాలప్పను 'అన్నా' అనలేదు. పని మానలేదు, వేరే పని రాదు. రేడియో తర్వాత టీవీలో చేరాడు. బాలప్ప కూడా అక్కడికే వచ్చాడు, అక్కడా అతను తెచ్చింది కోసేది బాలప్పే.

ఎనభైఆరులో మళ్లీ కరువు. కెమెరా మనిషి వెంకటేశులుతో కలిసి జయరాముడు అదే పల్లెకు వెళ్లాడు. మారెక్క అరుగు మీద కిత్తనారతో పశువులను కట్టే పలుపుతాడు పేనుతోంది.

"యాడికొచ్చినావు? ఈసారి నాతో ఏం సంపిచ్చల్ల?"

"ఊర్లో పశువులు ఎన్ని ఉండాయక్కా?"

"నలభై. నాకు ఒకటీ లేదు. పలుపు పేనే చేతులుండాయి." నార బిగించి లాగి, "గడ్డి రాకుంటే ఆ నలభయ్యీ అంతే," అంది.

జయరాముడు అరుగు కింద కూర్చున్నాడు. "అప్పుడు తప్పు నాది. ఊపిరి పీల్చుకోమని నేనే చెప్పినా. సరిగ్గా ఆడనే కోసినారు. ఈసారి మంచి మాట వద్దు. ఆగద్దు. పలుపు పేనుతానే చెప్పు. కోస్తే పలుపు ఉన్నట్టుండి జానెడు పెరిగినట్ల కనపడ్తాది, సూసినోళ్లకు తెలిసిపోతాది. ఏస్తే అంతా ఎయ్యాల, లేకుంటే మానుకోవాల."

"ఎయ్యకుంటే?"

"ఎయ్యకుంటే ఎయ్యరు. నీ మాట అబద్ధం మాత్రం కాదు."

మారెక్క అరుగు మీద సర్దుకుని కూర్చుంది. తర్వాత నార చేతిలోకి తీసుకుంది.

మూడు నిమిషాలు. నలభై పశువులు, రాని లారీ, ఆరేళ్ల కింద చచ్చిన ఎద్దు, దాన్ని చంపిన నవ్వు అన్నీ పలుపుతో పాటే పేనుకుంటూ పోయింది. ఊపిరి పీల్చినా చేతులు ఆగలేదు.

"గొర్లు, గుడిసెలు నాలుగు బొమ్మలు తీద్దామాన్నా? మధ్యలో ఏసుకుంటారు," అన్నాడు వెంకటేశులు.

"వద్దు. కోతను కప్పెట్టేదానికి ఒక్క బొమ్మ గూడా ఉండకూడదు."

ఆఫీసులో బాలప్ప క్యాసెట్టు వేసి చూశాడు. ముందుకూ వెనక్కూ తిప్పాడు. పలుపు సాగింది, కుదించుకుపోయింది, మళ్లీ సాగింది.

"మిగతా బొమ్మలు యాడప్పా?"

"ఇంతే సార్."

"దీన్ని నేనేం చేసేది? యాడా కొయ్యనీకి లేదే!"

జయరాముడు క్యాసెట్టు పెట్టె మీద నిడివి రాశాడు, మూడు నిమిషాల పదకొండు సెకన్లు. రిజిస్టరులోనూ అదే అంకె రాసి, సంతకం చేసి, పెట్టెను బాలప్ప ముందుకు జరిపాడు.