వేళ్ళకు అందిన పటాలు

మాస్టారు పోయారన్న కబురు శనివారం పొద్దున వచ్చింది. నోయిడా నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "పాపా చలే గయే" అని ఏడ్చేసింది. నేను ఏడవలేదు. ఇక నాకు పటాలెవరు చేస్తారు? నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ముఖర్జీ నగర్‌లో మా పీజీ హాస్టల్ పై అంతస్తులో ఆయన ఒక్కరే ఉండేవారు. తెనాలి వైపు మనిషి. రిటైరయ్యాక సివిల్స్‌కు చదివేవాళ్ళకు భూగోళం చెప్పేవారు. నేను ఆయన దగ్గర చేరేనాటికే నా చూపు మసకబారుతోంది. రెండో ఏడు వానాకాలానికి పూర్తిగా పోయింది. పుస్తకాలైతే ఫోన్ చదివి వినిపిస్తుంది. పటాన్ని ఏ ఫోనూ చదవలేదు.

ఒకరోజు బ్యాగు సర్దుకుని మెట్ల మీద కూర్చున్నాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇంటికి. ఇంక నా వల్ల కాదండీ. గోదావరి ఎటు వంగుతుందో కూడా గుర్తు రావట్లేదు. పటం కనపడాలి కదా!"

"తెలీదు అను, ఒప్పుకుంటా. కనపడదు అని మాత్రం నాకు చెప్పకు. వారం ఆగు."

బొమ్మనిస్తే దాన్ని ముట్టుకోగలిగే వస్తువుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆయన ఎక్కడో పట్టారు. నల్లగా ఉన్నచోట ఎత్తు, తెల్లగా ఉన్నచోట పల్లం. కూతురు కొనిచ్చిన చిన్న త్రీడీ ప్రింటర్ ఆ ఎత్తుపల్లాలను ప్లాస్టిక్ పలకగా పోస్తుంది. మొదటి పలక చేతికిస్తే నాకు కంకర తగిలినట్టయింది. పటంలోని అక్షరాలన్నీ పైకి లేచాయి.

"హిమాలయాల కన్నా వాటి పేరే ఎత్తుగా ఉందే!" అని పగలబడి నవ్వారు.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో అక్షరం చెరిపారు. ప్రతి పలకనూ ముందు తనే కళ్ళు మూసుకుని తడిమేవారు. వేలు దారి తప్పితే పక్కన పారేసి మళ్ళీ మొదలు. గుచ్చుకునే అంచులను గోళ్ళ ఆకురాయితో అరగదీశాకే నాకిచ్చేవారు. నర్మద, తపతి, కృష్ణ అలా నా వేళ్ళకు అందాయి.

ఈ చలికాలం పొగ ఆయన ఊపిరితిత్తులను పట్టేసింది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, "మాస్టారూ, పరీక్షయ్యేదాకా..." అన్నాను. ఎంత స్వార్థం! ఆయన నా చేయి తీసుకుని దుప్పటి మీద పెట్టారు.

"బ్రహ్మపుత్ర ఎక్కడ తిరుగుతుంది?"

వేలితో గీసి చూపించాను.

"ఇంకాస్త తూర్పుకి తల్లీ."

ఆయన నాతో అన్న చివరి మాట అది.

గది ఖాళీ చేయడానికి అక్క వచ్చింది, మాస్టారి కూతురు. "కంప్యూటర్‌లో ఒకటి ప్రింట్ కాకుండా ఉండిపోయింది. చేయనా?" అంది. మధ్యాహ్నమంతా ప్రింటర్ గురగురలాడింది.

పలక తడిమాను. నదీ కాదు, కొండా కాదు. కాసేపు ఏమీ తోచలేదు. ఆపైన తెలిసింది. అది మా సందు. ఉపగ్రహం తీసిన ఫొటోలోంచి చేశారని కంప్యూటర్‌లో చూసి అక్క చెప్పింది. మా గేటు దగ్గర ఒక చుక్క, లైబ్రరీ మెట్లకు మూడు గీతలు, మలుపు, మెయిన్ రోడ్డు... ఒక్కొక్కటీ అక్కకు చెబుతూ తడిమాను. నేను ఒంటరిగా నడవాల్సి వస్తుందని ఆయనకు ముందే తెలుసు.

"ఆ తర్వాత ఏముంది?" అంది అక్క.

మెట్రో స్టేషన్ దాకా ఇంకా చాలా దారి ఉంది. అదంతా చేయలేకపోయారు. మెయిన్ రోడ్డు అవతల ప్లాస్టిక్ అద్దంలా నున్నగా ఉంది. నా వేలు ఆ అంచున ఆగిపోయి, ముందుకు కదలలేదు.