జుంబేర్ నిజమే మాట్లాడిన విందు

ద్రాక్షతోటల సీమ కహేతీలోని ఆ ఊళ్లో ఎవరింట విందు జరిగినా తమదా జుంబేరే. బల్లకు పెద్దగా కూర్చోవడం, ఎవరి పేరున తాగాలో చెప్పడం, తాగేముందు వాళ్ల గురించి నాలుగు మంచి మాటలు పలకడం తమదా పని. జుంబేర్ నాలుగుతో ఆపిన పాపాన పోలేదు.

చిన్నప్పుడు ఆయన కూతురు ఎతేరి బల్ల కింద దూరి నాన్న మాటలు నోరు తెరుచుకుని వినేది. ఆ మాటల్లో తాత ఎలుగుబంటిని చెవి పట్టుకుని పొలిమేర దాటించాడు. కాస్త పెద్దయ్యాక నానమ్మ అసలు సంగతి చెప్పింది. తాత రైల్వే స్టేషన్లో టిక్కెట్లు చింపేవాడట, కుక్క మొరిగితే గోడెక్కేవాడట. అప్పటినుంచి నాన్న వైన్ పోసిన కొమ్ము ఎత్తితే చాలు, ఎతేరికి తలకొట్టేసినట్టుండేది.

ఇప్పుడు ఆమె నిశ్చితార్థం. కాబోయే మామగారు అవతాందిల్ తిబిలిసీలో లెక్కల మాస్టారు. నవ్వడానికి కూడా రుజువు కావాలనే మనిషి.

"నాన్నా, ఇవాళ ఒక్క అబద్ధం చెప్పావో, లేచి వెళ్లిపోతా."

"అబద్ధమేంటే? కాస్త ఉప్పూ కారం తగిలిస్తానంతే."

"ఉప్పు కూడా వద్దు."

"సరే తల్లీ. పథ్యం కూడే పెడతాను."

అన్నంత పనీ చేశాడు. "మా నాన్న టిక్కెట్లు చింపేవాడు. పోయాడు." తాగాడు. "మా ఆవిడ బాగానే వండుతుంది. అప్పుడప్పుడు మాడుస్తుంది." తాగాడు. భార్య కళ్లతోనే నమిలేసింది. అవతాందిల్ గడియారం చూసుకున్నాడు.

"ఇక నేను. నేను సాధించింది..." జుంబేర్ చాలాసేపు ఆలోచించాడు. బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది. "నిజంగా అయితే, ఏమీ లేదు. అలావెర్దీ, తల్లీ" అని కొమ్ము కూతురి చేతిలో పెట్టేశాడు.

అలావెర్దీ అన్నాక, కొమ్ము అందుకున్నవాళ్లు మాట కొనసాగించి తీరాలి. ఎతేరి నాన్న మొహంలోకి చూసింది. అంత చిన్నగా ఆయన్నెప్పుడూ చూడలేదు.

"నేను పుట్టిన ఏడాది మూడు వడగళ్ల మేఘాలు మా ద్రాక్షతోట మీదికొచ్చాయి," అంది. "నాన్న కొమ్మెత్తి వాటిని పొగిడాడు. రెండు సిగ్గుపడి వెనక్కి తిరిగాయి. మూడోది ఏడ్చి, వాన కురిపించి పోయింది."

"రుజువు?" అన్నాడు అవతాందిల్.

"ఆ తోట వైనే మీ చేతిలో ఉంది, మామయ్యగారూ."

అవతాందిల్ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఆలోచించాడు. "సరిపోయింది," అని గ్లాసు మళ్లీ చాచాడు. బల్లంతా గొల్లున నవ్వింది.

జుంబేర్ కూతురి చెవిలో గొణిగాడు. "మరీ అంత తొణక్కుండా ఎలా చెప్పావే? నాకైనా చెవులు ఎర్రబడతాయి."

"కూర్చో నాన్నా. ఇంకా అయిపోలేదు."