నేను కనిపెట్టిన గడ్డ

మీరు ఎంతయినా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కానీ ఆ రోజు ఒక మనిషి పొట్ట నిష్కారణంగా కోయించబోయాను. అరవైల చివర్లో మాట. డాక్టరు చదువు ముగించి, శ్రీకాకుళం వైపు ఒక ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా చేరి పక్షం రోజులు కాలేదు. భోజనం దగ్గర కూడా స్టెతస్కోపు మెడలోనే ఉండేది.

భోగాపురం వైపు జాలరి అప్పన్న వచ్చాడు. ఒడ్డుకు లాగుతుంటే తెప్ప కాలిమీద పడిందట. "మంచం దిగావంటే కాలు పోతుంది" అని బెదిరించాను. మర్నాడు పొద్దున్న చూద్దును కదా, పొత్తికడుపులో కొబ్బరికాయంత గడ్డ. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పట్టరాని ఆనందం వేసింది. తోటి హౌస్ సర్జన్లు ముగ్గురినీ పిలిచాను. వాళ్లూ వరసగా నొక్కారు. అప్పన్నకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎన్నాళ్లనుంచి ఉంది?"

"నిన్న నేదు బాబూ."

"నీకు తెలీదులే. ఏళ్ల తరబడి పెరిగిన గడ్డ ఇది. ఆపరేషన్ చెయ్యాలి."

భార్య నూకాలమ్మ గుండెలు బాదుకుంది. "కాలు సూపించుకుందామని వత్తే కడుపు కోత్తారేటి బాబూ?"

ఆవిడ చేత ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించి, గడ్డ బొమ్మ గీసి, పెద్ద డాక్టరుగారికి కబురంపాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డాక్టరు రోగినే ఎరగడు.

అప్పుడొచ్చింది వార్డు సిస్టరమ్మ, ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి. పొట్ట ముట్టుకోలేదు. అప్పన్న మొహం చూసింది, మంచం కింద పొడిగా ఉన్న సీసా చూసింది.

"ఒంటేలుకి ఎప్పుడెల్లినావు?"

"నిన్న మద్దేనం, అమ్మా. మంచం దిగితే కాలు పోతాదన్నారు డాక్టరు బాబు. ఇంతమంది ఆడోల్లు తిరుగుతన్నారు, సీసాలో ఎలాగమ్మా? రానేదు."

ఆవిడ నావైపు చూడనైనా లేదు. చెరో భుజం పట్టి, ఒంటికాలి మీద అతన్ని దొడ్డివైపు నడిపించాం. ఆవిడ కుళాయి తిప్పి, మొహం పక్కకు తిప్పుకుంది. కాసేపు కుళాయి ఒక్కటే చప్పుడు చేసింది. తరవాత అప్పన్న అందుకున్నాడు, పోటీలో కుళాయి ఓడిపోయింది. నా గడ్డ నా కళ్లముందే కరిగిపోతుంటే నోరు తెరుచుకుని నిలబడ్డాను. అన్నేళ్లు చదివిన పుస్తకాల్లో లేని విద్య ఆవిడ ఒక్క చూపులో ఉంది. అక్కడే కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంతలో పెద్ద డాక్టరుగారు రానే వచ్చారు. "ఏదయ్యా నీ గడ్డ?"

నేను గీసిన బొమ్మ వీపు వెనక దాచుకున్నాను. సిస్టరమ్మే నెమ్మదిగా చెప్పింది. "దొడ్లోకెల్లిపోనాదండి."

ఆ క్షణమే ధన్వంతరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను, ఒంటేలు సంగతి అడక్కుండా ఏ పొట్టమీదా చెయ్యి వెయ్యనని. ఇప్పటికీ తప్పలేదు. మొన్న పెళ్లిపందిట్లో, కడుపు బరువుగా ఉందన్న కొత్త వియ్యంకుడిగారిని అందరి ముందూ అదే అడిగాను.